ఉపకరణ వివరణము: సూత్రరీతియు శాసనరీతియు

పనిముట్టును జేసినవాఁడు దానిని వాడువానికి దానిగూర్చి యెట్లు చెప్పవలె ననుట ప్రాచీనమైన ప్రశ్నము. ఇటీవలి కొలఁది వత్సరములలో నది క్రొత్త రూపము దాల్చినది. కంప్యూటరులందు నడచు సాఫ్ట్‌వేరు ఉపకరణములను మనుష్యులే కాక, కృత్రిమమేధచే నడచు ఏజెంట్లును నేఁడు వాడుచున్నవి. ఏజెంటనఁగా, మనుష్యుఁడు చెప్పిన కార్యమును గ్రహించి, దానికి వలయు నుపకరణమును దానే యెన్నుకొని, ఆ యుపకరణమునకుఁ గావలసిన విలువల నందించి, వచ్చిన ఫలమును జూచి, తరువాతి యడుగును నిర్ణయించుకొను యంత్రవ్యవస్థ. టిక్కెట్టు కొనుట, లెక్కలపుస్తకమునఁ బద్దు వ్రాయుట, ఉత్తరము పంపుట మున్నగు పనులకు వేర్వేఱు ఉపకరణము లుండఁగా, ఏ సమయమున నేది వాడవలెనో ఆ యేజెంటునకుఁ దెలుపునది ముఖ్యముగా ఉపకరణకర్త వ్రాసిన వివరణమే. అది పనిముట్టును జేతఁ బట్టి చూడలేదు. పొరుగువాని నడిగి తెలిసికొను నలవాటు దానికి లేదు. వ్రాసిన మాటయే దానికిఁ బ్రమాణము.

శబ్దమే ప్రమాణమైనచోట శబ్ద మెట్లుండవలె నను విచారము వైయాకరణులకును శాసనపరిశోధకులకును జిరపరిచితము. ఈ విచారమునకు హిందూపురము, పెనుకొండ, ధర్మవరము అను మూఁడు పట్టణముల పరిసరములు మిక్కిలి తోడ్పడు సాక్ష్యముల నిచ్చుచున్నవి. ఈ మూఁడును 2022 ఏప్రిల్ 4వ తేదిని ఏర్పడిన శ్రీ సత్యసాయి జిల్లాలోనివి. అంతకుముందు అనంతపురము జిల్లాలోనివి. పెనుకొండకు నీరు దెచ్చిన కాలువనుగూర్చిన శాసనము, హిందూపురపు చేరువనున్న లేపాక్షి యాలయపు శాసనములు, ధర్మవరపు మగ్గములపై వ్రేలాడు జకార్డు అట్టలు - ఇవి మూఁడును వేర్వేఱు కాలములందు ఒకే ప్రశ్నమునకు జెప్పఁబడిన సమాధానములు.

వివరణరచనకు భారతీయ వాఙ్మయమున రెండు రీతులు గలవు. ఒకటి సూత్రరీతి, రెండవది శాసనరీతి. సూత్రము గురువునొద్ద సమగ్రముగాఁ జదువుకొన్నవానికొఱకు వ్రాయఁబడినది. శాసనము కర్తను, కాలమును, సందర్భమును ఎఱుఁగని రాఁబోవువానికొఱకు వ్రాయఁబడినది. ఏజెంటుకొఱకు వ్రాయు వివరణము సూత్రమునందలి గుర్తుల నియమమును గ్రహింపవలెను గాని, దాని దేహము శాసనమువలెఁ దనంతఁ దాను నిలువఁగలది కావలెను. ఈ వ్యాసమునఁ బ్రతిపాదింపఁబడు నంశ మిదియే.

1. పెనుకొండ కాలువ

హిందూపురమునకు దక్షిణమున, నేఁడు కర్ణాటకములోనున్న గౌరిబిదనూరు తాలూకాలో క్రీ. శ. 1388 నాఁటి శాసన మొకటి కలదు. రెండవ హరిహరరాయల కుమారుఁడగు ప్రతాప బుక్కరాయఁడు పెనుకొండయందుండి, జలమే ప్రాణులకుఁ బ్రాణము గావునఁ బ్రజ లందఱును సుఖముగ నుండుటకై, హెన్నె నదిని పెనుకొండకుఁ దేవలసినదని సింగయభట్టున కాజ్ఞాపించె ననియు, ఆ భట్టు సిరువేర చెఱువువఱకుఁ గాలువ త్రవ్వించి, దానికి ప్రతాప బుక్కరాయ మండల కాలువ యని పేరు పెట్టె ననియు నందుఁ గలదు. హెన్నె యనఁగాఁ బెన్న. సింగయభట్టు జలసూత్రమునందు నిపుణుఁడు. దశవిద్యలకుఁ జక్రవర్తి యని శాసన మాతనిఁ బేర్కొనుచున్నది.

ఇందు రెండు వచనములను వేఱుచేసి చూడవలెను. రాజు సింగయభట్టునకుఁ జెప్పిన మాట మిక్కిలి చిన్నది: ఫలానా నదిని ఫలానా యూరికిఁ దెమ్ము. ఏ యెత్తున నానకట్ట కట్టవలెనో, కాలువ యే వాలున నడువవలెనో రాజు చెప్పినట్లు లేదు. చెప్పవలసిన యక్కఱయు లేదు. భట్టు శాస్త్ర మెఱిఁగినవాఁడు, ఆ నేల నెఱిఁగినవాఁడు, సందేహము వచ్చినచో రాజు నడుగఁగలవాఁడు. శాసనము చెప్పు మాట యట్టిది కాదు. ఎవరు, ఎప్పుడు, ఎక్కడనుండి, ఎక్కడివఱకు, ఎందులకు, ఎవరిచేత, ఏ పేరిట - ఇన్నియు నందు నిలిచియున్నవి. ఏలయన దానిని జదువువాఁడు రాజును జూడఁబోఁడు, భట్టును జూడఁబోఁడు. ఆజ్ఞ యెఱిఁగినవానికి, శాసన మెఱుఁగనివానికి.

నేఁటి యేజెంటు ఈ రెంటి నడుమ నున్నది. శాస్త్రమున నది సింగయభట్టువంటిది. గ్రంథము లనేకములు దాని శిక్షణములో నిమిడియున్నవి. నేలవిషయమున నది రాఁబోవు పాఠకునివంటిది. ఈ యూరి కాలువ యేదో, ఈ కచేరీ లెక్క యెట్టిదో యెఱుఁగదు. దానికిఁ గార్యమును సంక్షేపముగాఁ జెప్పినను జెల్లవచ్చును. ఉపకరణమును మాత్రము శాసనమువలె విపులముగాఁ జెప్పక తీఱదు.

2. అంగములు, దోషములు

పెనుకొండ శాసనమునకుఁ బందొమ్మిదేండ్ల ముందటిది కడప మండలములోని పోరుమామిళ్ల తటాకశాసనము. దీని కాలము క్రీ. శ. 1369. మొదటి బుక్కరాయల కుమారుఁడు భాస్కర భవదూరుఁడు కట్టించిన చెఱువునుగూర్చి సంస్కృతశ్లోకములలో రెండు ఱాతిపలకలపైఁ జెక్కఁబడినది. మహాభారత సంశోధిత ప్రతికిఁ బ్రధాన సంపాదకుఁడైన సుక్తంకరు పండితుఁడు దీనిఁ బరిష్కరించి ప్రకటించెను. మంచి చెఱువునకుఁ గావలసిన యంగములు పండ్రెండనియు, చెఱువునకు దోషము లాఱనియు నీ శాసనము లెక్కించుచున్నది. ధర్మాత్ముఁడగు రాజు, జలశాస్త్ర మెఱిఁగిన బ్రాహ్మణుఁడు, గట్టి బంకమట్టి నేల, తీయని నీటి నది, కొండల నడుమ మిక్కిలి పొడవు కాని దృఢమైన ఱాతికట్ట, లోతైన విశాలగర్భము, పొడవైన తిన్నని ఱాళ్లు దొరకు గని, పని నేర్చిన జనము మున్నగునవి యంగములు. కట్టనుండి నీరూరుట, చవుటినేల, రెండు రాజ్యముల సరిహద్దున నుండుట, చెఱువు నడుమ మెట్ట యుండుట, నీరు కొంచెమై యాయకట్టు పెద్దదగుట, నీరు పెద్దదై యాయకట్టు కొంచెమగుట - ఇవి యాఱును దోషములు. కట్టకొలఁత రేఖాదండములలోఁ జెప్పఁబడినది. ఆ చెఱువుపై రెండేండ్లు వేయిమంది కూలీలును నూఱు బండ్లును బనిచేసిన ట్లందుఁ గలదు.

ఇందలి విశేషము దోషములు చెప్పుటయే. దాత తన కీర్తికై చెక్కించిన పలకపైఁ జెఱువు లెట్లు చెడునో చెప్పింపనక్కఱలేదు. చెప్పించుటచేత నది స్తుతి మాత్రము గాక శాస్త్రమైనది. రెండు రాజ్యముల సరిహద్దు దోషమనుట మఱింత గమనింపఁదగినది. అది మట్టిదోషము గాదు, నీటిదోషము గాదు, అధికారదోషము. ఎవరి యాజ్ఞ యెంతవఱకుఁ జెల్లునో తెలియనిచోఁ గట్టిన చెఱువు నిలువదని దాని భావము. కొలఁతను జెప్పునపుడు సంఖ్యతోఁ గూడ మానమును బేర్కొనుటయు నిట్టిదే.

ఆఱు శతాబ్దముల తరువాత నమెరికాలో ఈ పద్ధతియే మఱల నావిర్భవించినది. యూనిక్స్ అను కంప్యూటరు నిర్వహణవ్యవస్థకుఁ గెన్ థాంప్సన్, డెన్నిస్ రిచీ యను నిరువురు 1971 నవంబరున నొక వివరణగ్రంథమును వెలువరించిరి. అందొక్కొక్క యుపకరణమునకు నొక్కొక్క పుట. పేరు, ప్రయోగరూపము, వివరణము, సంబంధించిన దస్త్రములు, చూడవలసిన యితరపుటలు, తప్పు జరిగినప్పుడు వచ్చు సూచనలు, తుదకు దోషములు - ఇవి శీర్షికలు. తాము చేసిన యుపకరణమునందలి దోషములను దామే శీర్షిక పెట్టి ప్రకటించిన యా కర్తలకును, పోరుమామిళ్ల శాసనకర్తకును సంబంధమేమియు లేదు. తనను జూడని పాఠకునికొఱకు నిజాయితీతో వ్రాయఁబూనినవా రెక్కడనున్నను దోషప్రకరణమునకు వచ్చి చేరుదు రని మాత్రము దీనివలనఁ దేలుచున్నది.

3. ణకారద్వయము

ఇఁక సూత్రరీతి. పాణిని యష్టాధ్యాయి సుమారు నాలుగువేల సూత్రముల గ్రంథము. భాష నంతయు నియమములచే నిర్మించి చూపు నా క్రమమును బాశ్చాత్య యంత్రగణితజ్ఞులును గౌరవించిరి. కంప్యూటరు భాషల వ్యాకరణమును వ్రాయుటకు జాన్ బాకస్ కల్పించిన లిపిసంకేతమునకు పాణిని పేరును జేర్చవలసినదని 1967లో ఇంగర్మన్ అను విద్వాంసుఁ డొక పత్రికాలేఖలో సూచించెను. కాని పాణినినుండి నేర్వవలసినది సంకేతము మాత్రము కాదు. ఆయన పద్ధతి యే పాఠకుని నుద్దేశించినదో, ఆ పాఠకుఁడు లేనిచో నేమగునో యనునదియు నేర్వవలసియున్నది.

మొదట గ్రాహ్యాంశము. ప్రత్యయములకు పాణిని చేర్చు అనుబంధములు, అనఁగా ఇత్తులు, పదమున వినఁబడవు. ప్రత్యయపు నడవడిని మాత్రము శాసించును. క్త ప్రత్యయమునందలి కకారము గుణమును నిషేధించును; అందుచే భూధాతువునుండి భూత మను రూపము వచ్చుచున్నది. తవ్య ప్రత్యయమునకట్టి కకారము లేదు. అందుచే గుణము ప్రవర్తించి భవితవ్య మగుచున్నది. ప్రత్యయమును వాడకముందే అది యేమి చేయును, దేనిని జేయనీయదు అనునది గుర్తుచేతనే తెలియును. ఏజెంట్లకు నుపకరణముల నందించుటకై ఆంత్రోపిక్ సంస్థ 2024 నవంబరున ప్రకటించిన మోడల్ కాంటెక్స్ట్ ప్రోటోకాల్ అను నొడంబడికలో నిట్టి ఇత్తులే 2025లోఁ జేర్పఁబడినవి. ఈ యుపకరణము చదువుట మాత్రమే చేయునా, ఉన్నదానిని నాశముచేయఁగలదా, రెండుమాఱులు ప్రయోగించిన నొకమాఱు ప్రయోగించినట్లే యుండునా - అని తెలుపు గుర్తు లవి. కాని యవి సూచనలు మాత్రమే యనియు, నమ్మఁదగని కర్త పెట్టిన గుర్తును నమ్మరాదనియు నా యొడంబడికయే చెప్పుచున్నది. వ్యాకరణమున కీ భయము లేదు. దొంగ యిత్తును బెట్టిన పాణిని యుండఁడు. దొంగ వివరణమును వ్రాయు నుపకరణకర్త యుండవచ్చును. వివరణమునడుమ నేజెంటును దారి తప్పించు నాజ్ఞలను దాఁచి పెట్టుటయు సాధ్యమే.

తరువాత సందేహాంశము. మాహేశ్వర సూత్రములలో మొదటిదాని తుదను ణకారము ఇత్తుగ నున్నది. ఆఱవదాని తుదను మఱల ణకారమే యున్నది. అందుచే అణ్ అను ప్రత్యాహారము మొదటి ణకారమువఱకా, రెండవ ణకారమువఱకా యను సందేహము పుట్టినది. ఇణ్ విషయమునను నిదే సందేహము. మొదటి పక్షమున అణ్ మూఁడచ్చులు మాత్రమే. రెండవ పక్షమున నచ్చులన్నియు, హ య వ ర లలును జేరును. వర్ణముల కేమియు లోపము లేదు. మఱియొక యక్షరమును వాడిన సరిపోయెడిది. సంప్రదాయము దీనిని వ్యాఖ్యానముచేఁ దీర్చినది: సవర్ణగ్రాహక సూత్రమునందుఁ దప్ప నన్నిటను అణ్ పూర్వణకారముతోనే, ఇణ్ ఎల్లచోట్లఁ బరణకారముతోనే. సందేహము కలిగినంతమాత్రమున లక్షణము అలక్షణము గాదనియు, వ్యాఖ్యానమువలన విశేషము తెలియు ననియు వైయాకరణుల పరిభాష.

ఆ పరిభాష విద్యార్థికిఁ జాలును. అతనికి గురువు గలఁడు, భాష్యము గలదు, పండ్రెండేండ్ల కాలము గలదు. ఏజెంటున కవి లేవు. రెండర్థములు గల మాట దాని యెదుట నిలిచినపుడు నొక యర్థమును దానే యూహించి ముందునకు సాగును. ఊహ సరియైన నెవరును గమనింపరు. తప్పైనను ననేకమాఱు లెవరును గమనింపరు. పతంజలి చేసిన నిర్ణయము గ్రంథస్థమై రెండువేల యేండ్లుగ నిలిచినది. ఏజెంటు చేసిన యూహ సాధారణముగా నా క్షణముతోఁ బోవును. మఱుసటిదినము మఱియొక యూహ.

మూఁడవది అనువృత్తి. పాణిని యొక సూత్రమునఁ జెప్పిన పదమును దరువాతి సూత్రమున మఱలఁ జెప్పఁడు. పైనుండి దిగివచ్చునని తలఁచును. అర్ధమాత్రాలాఘవమును గొప్పలాభముగ నెంచు శాస్త్రమున కది భూషణము. అధ్యాయమంతయు వరుసగ ధారణచేసినవానికి దానివలన లోటు లేదు. కాని యొక సూత్రమును విడఁదీసి యొంటిగాఁ జేతి కిచ్చినచో నది నిరర్థకముగనో, విపరీతార్థముగనో యుండును. విపులమైన వివరణగ్రంథమును ఏజెంటునకు సమగ్రముగ నందించుట యనేకపర్యాయములు జరుగదు. ప్రశ్నమునకు దగ్గఱగఁ గన్పట్టిన యొక తునుక మాత్ర మందింపఁబడును. ఆ తునుకలో "పైఁ జెప్పినట్లే" యని యున్నచో, పై యేదో దానికిఁ దెలియదు.

శాసనరీతి దీనికి సరిగా నెదురైనది. హిందూపురమునకు సుమారు 15 కిలోమీటర్ల దూరమునఁ గల లేపాక్షి వీరభద్రాలయమున అచ్యుతదేవరాయల కాలమునాఁటి శాసనములు గలవు. ఒకే యాలయమునఁ బలు శాసనము లున్నచోటఁ గూడ, ప్రక్కనున్న శాసనమును జూచికొమ్మని చెప్పి యూరకుండుట శాసనకర్తల మర్యాద గాదు. ప్రతిశాసనమునందును శకవర్షము, రాజు, దాత, దానము, అది పొందినవారు మఱల మొదటినుండి చెప్పఁబడుదురు. ఱాతిపైఁ జెక్కుట శ్రమయును వ్యయమును గలది. తాటియాకుపై వ్రాసినంత తేలిక గాదు. అట్లయ్యు శాసనకర్తలు పునరుక్తికి వెనుదీయలేదు. ప్రక్కఱాయి పగులవచ్చును, గోడ కూలవచ్చును, ఉన్న యొక్క ఱాయియే సాక్ష్యము పలుకవలసిరావచ్చును అని వారెఱుఁగుదురు.

4. ధర్మవరపు అట్టలు

చిత్రావతీతీరమునందలి ధర్మవరము పట్టుచీరలకుఁ బ్రసిద్ధము. అచ్చటి మగ్గములపై నంచునకును గొంగునకును జిత్రమును దేర్చునది జకార్డు. లియాన్ నగరవాసియగు జోసెఫ్ మారీ జకార్డు 1804లో రూపొందించిన యంత్ర మిది. చిత్రమును మొదట గళ్లకాగితముపై గీయుదురు. ఒక్కొక్క గడి యొక పడుగుపోగును ఒక పేకపోగును గలియుచోటు. దానినిబట్టి యట్టలకు రంధ్రములు కొట్టుదురు. రంధ్రమున్నచోట సూది లోనికిఁ బోవును, కొక్కెము లేచును, పడుగుపోగు పైకి వచ్చును. రంధ్రము లేనిచోట సూది యట్టచే నెట్టఁబడి కొక్కెము తప్పును, పోగు లేవదు. ఒక్కొక్క యట్ట యొక్కొక్క పేకకు. అట్టలన్నియు దారముచే వరుసగఁ గుట్టఁబడి గొలుసువలె దిరుగును. లేపాక్షి లతామండపపు స్తంభములపైని తీఁగలును బూవులును ధర్మవరపు చీరల యంచులయందుఁ గానవచ్చుట కిట్టి యనువాదమే మార్గము: ఱాతినుండి కాగితమునకు, కాగితమునుండి యట్టకు, అట్టనుండి పట్టునకు. ఇటీవల గళ్లకాగితపు పనిని గంప్యూటరును, కొన్నిచోట్ల నట్టలపని నెలక్ట్రానిక్ జకార్డును జేయుచున్నవి.

ఈ యంత్రమునుండియే గణనయంత్రపు భావము పుట్టినది. జకార్డు ముఖచిత్రమును 1839లో 24,000 అట్టలతోఁ బట్టుపై నేసిరి. దాని ప్రతి యొకటి చార్లెస్ బాబేజికడ నుండెను. ఆయన తలపెట్టిన విశ్లేషణయంత్రము అట్టలచే నడువవలసినది. దానిపై 1843లో టిప్పణములు ప్రకటించిన ఏడా లవ్‌లేసు, ఆ యంత్రము తనంతఁ దా నేదియుఁ బుట్టింపదనియు, చేయుక్రమము మన మెఱిఁగి చెప్పఁగలిగినదానినే చేయుననియు నభిప్రాయపడెను. ఆ టిప్పణములలోని ప్రసిద్ధమైన గణనపట్టికలో నాలుగవ క్రియయందు భాజ్యభాజకములు తాఱుమాఱైన వని తరువాతివారు కనుఁగొనిరి. యంత్రము నిర్మింపఁబడియున్నచో నా తప్పును దిద్దుకొనక యథాతథముగ నాచరించియుండును.

మగ్గమునకు వివరణ మక్కఱలేదు; అట్టయే చాలును. అట్టలో నొక రంధ్రము తప్పైన, చిత్రము తిరిగి వచ్చినప్పుడెల్ల నా తప్పు తిరిగి వచ్చును. కాని యది కంటఁబడును. నేఁతగాఁడు వ్రేలు పెట్టి యా యట్టను జూపఁగలఁడు. మనుష్యునికి వివరణము కావలెను. అందు లోపమున్న లోకజ్ఞానముచే సర్దుకొనును. ఏజెంటు ఈ యిరువురకును భిన్నమైన మూఁడవ జాతి. అది మనుష్యునివలె వివరణమును జదువును. చదివి, అట్టను దానే కొట్టి మగ్గముపైఁ బెట్టును. అందుచే నిదివఱకు వ్యాఖ్యగ నుండిన వివరణము విధివాక్య మైనది. పూర్వము వివరణమున నున్న తప్పు పాఠకుని చికాకుపఱచెడిది. ఇప్పుడు నేరుగాఁ బనిలోఁ దప్పై పరిణమించుచున్నది.

5. పూర్వపక్షము, సిద్ధాంతము

ఇచ్చట నొక పూర్వపక్షము గలదు. ఏజెంటు మేధ గలది గదా, కొఱఁతవడిన దానిని దానే యూహించును. ఇంత శ్రమ యేల యని. దీనికి సమాధానము ధర్మవరపు లెక్కతోనే చెప్పవచ్చును. నేఁతగాండ్రకు సరకిచ్చు సంఘ మొకటి గలదనియు, దాని నిల్వలెక్క కొక యుపకరణ మున్నదనియు ననుకొందము. దాని వివరణము "నిల్వను సవరించును, పేరు, పరిమాణము, తేది యియ్యవలెను" అని మాత్ర మున్నదనుకొందము. సవరించుటయనఁగా నున్నదానికిఁ జేర్చుటయా, ఉన్నదానిని దుడిచి క్రొత్తది వ్రాయుటయా? పట్టు కిలోలెక్కను గొనఁబడును, జరీ మార్కులెక్కను గొనఁబడును, పరిమాణము దేనిలో? 03-04-2025 అనిన ఏప్రిల్ 3వ తేదియా, మార్చి 4వ తేదియా? ఎంత మేధ గలదైనను వీనికి సమాధానమును వివరణమునుండి తీయలేదు. ఏలయన నవి బుద్ధిచేఁ దెలియునవి గావు, ఆ సంఘపు సంకేతముచేఁ దెలియునవి. ణకారద్వయమున నేది గ్రాహ్యమో తర్కముచేతఁ గాక సంప్రదాయముచేతఁ దెలిసినట్లే యిదియును.

అదే వివరణము శాసనరీతి నిట్లుండవచ్చును: "సంఘపు నిల్వపుస్తకమున నొక సరకు నిల్వకుఁ గొంత చేర్చును, ఉన్న నిల్వను దుడిచివేయదు. క్రొత్త సరకు వచ్చినప్పుడు మాత్రమే వాడవలెను. నేఁతగానికి సరకిచ్చినప్పుడు వాడరాదు, దానికి వేఱుపకరణము గలదు. పట్టైనచోఁ బరిమాణము కిలోలలో, జరీయైనచో మార్కులలో. తేది సంవత్సరము, నెల, దినము అను వరుసను. పేరు పుస్తకములో లేనిచోఁ దప్పని తెలుపును, క్రొత్తపేరు సృష్టింపదు. ఒకే పద్దును రెండుమాఱులు పంపిన రెండుమాఱులు చేరును." ఇందు ఫలము, ప్రయోజనము, నిషేధము, మానము, క్రమము, దోషము - అన్నియు నున్నవి. ఎక్కడ విడఁదీసి యెవరి చేతి కిచ్చినను దీని యర్థము దీనిలోనే యున్నది. ఇట్టి వ్యవస్థలను నిర్మించువారును ఉపకరణము నెప్పుడు వాడవలెనో, ఎప్పుడు వాడరాదో, ఒక్కొక్క విలువకు నర్థమేమో విపులముగ వ్రాయుఁడనియే యుపదేశించుచున్నారు.

రెండవ పూర్వపక్షము లాఘవమునుగూర్చినది. ఏజెంటు ఒకమాఱు గ్రహింపఁగల వాక్యరాశికిఁ బరిమితి గలదు. ఉపకరణములు నూఱైన వివరణములు భారమగును. ఇది నిజము. కాని ఱాతిపలకకును బరిమితి గలదు. శాసనకర్త యందేమి తగ్గించును, ఏమి తగ్గింపఁడు అని చూడవలెను. ప్రశస్తి చిన్నది కావచ్చును. సీమావధులు మాత్రము విడువఁబడవు. ఈ యుపకరణమే సర్వోత్తమ మను ప్రశంస ఏజెంటునకు నిరుపయోగము. దానికి గావలసినది పొలిమేఱ.

మూఁడవది: వివరణ మెంత చక్కఁగ నున్నను ఆచరణము దానితోఁ బొసఁగవలెను. అమెరికావారు కుజగ్రహమునకుఁ బంపిన మార్స్ క్లైమేట్ ఆర్బిటరు 1999 సెప్టెంబరు 23వ తేదిని నశించినది. భూమిపైని యొక సాఫ్ట్‌వేరు న్యూటను-సెకండ్లలో నీయవలసిన సంఖ్యను పౌండుబల-సెకండ్లలో నిచ్చెను. నియమపత్రమున మానము సరిగనే యుండెను. సాఫ్ట్‌వేరే దానిని దప్పినది. సంఖ్య వచ్చినది గాని మానము దానితోఁ గలిసి రాలేదు. కావున వివరణమును వ్రాసి యూరకుండరాదు. లక్ష్యలక్షణములను సరిపోల్చి చూచినట్లు, ఉపకరణమును నడపి వివరణముతో సరిచూచుచుండవలెను. ఉపకరణము మాఱినప్పుడెల్ల వివరణమును మాఱవలెను.

6. దేశభాష

విజయనగరపు తామ్రశాసనములయందు ప్రశస్తియు దానవాక్యమును సంస్కృతమున నున్నను, పొలిమేఱలు చెప్పునెడ దేశభాషను వాడుట పలుచోట్లఁ గానవచ్చును. కారణము స్పష్టము. చింతచెట్టు, వాఁగు, పుట్ట, గుండు - వీని పేర్లు నెఱిఁగినవాఁ డా యూరి రైతు; తగవు వచ్చినప్పుడు సాక్ష్యము పలుకవలసినవాఁడు నతఁడే. గీర్వాణము కీర్తిని మోయఁగలదు గాని, పొలముగట్టును మోయవలసినది ఆ గట్టుపై నడచువాని మాట.

ఉపకరణముల వివరణములు నేఁడు చాలవఱ కాంగ్లమున వ్రాయఁబడుచున్నవి. లోకమున కంతకు సామాన్యమైన యుపకరణములకు నది చెల్లును. కాని పడుగు, పేక, కొంగు, మార్కు అను మాటలతో నడచు వృత్తికొఱకుఁ జేసిన యుపకరణమున నా మాటలు లేకున్నచో, నేఁతగాఁడు తెలుఁగున నడిగిన ప్రశ్నమునకును ఆంగ్లవివరణమునకును నడుమ నేజెంటు చేయు ననువాద మొక యూహ యగును. ఆ యూహ తప్పినచో నష్టపడువాఁడు వివరణకర్త గాఁడు; పుస్తకములోఁ దన జరీ తక్కువపడి, కూలి తెగి, ఏమి జరిగెనో యడుగుటకు మనుష్యుఁడు గానరాని నేఁతగాఁడు. అందుచే ప్రతిమానమునకును బ్రతిసరకునకును నచ్చటివారు వాడు పేరును వివరణమునందే చేర్చుట యుపకరణకర్తకు విధి.

ఇది యంత్రజ్ఞుల పని మాత్రమే యనుకొనరాదు. ఒక వాక్యమున కెన్ని యర్థములు గలుగునో వెదకుట, అతివ్యాప్తి యవ్యాప్తులను బట్టుట, ఏ పదము దేని కన్వయించునో నిశ్చయించుట వ్యాకరణము చదివినవారి నిత్యకృత్యము. పాఠశాలాపండితుఁడు విద్యార్థిచే నొక పనిముట్టును వర్ణింపఁజేసి, దానిని జూడని మఱియొక విద్యార్థి కా వర్ణనము మాత్ర మిచ్చి పని చేయించినచో, ఏ మాట కొఱఁతవడెనో యా క్షణముననే తెలియును. ఇంతకంటె మంచి పరీక్ష యేజెంటునకై వ్రాయు వివరణములకును లేదు.

ప్రతాప బుక్కరాయఁడు సింగయభట్టున కిచ్చిన యాజ్ఞ నోటిమాటగ నే నిలిచియున్నచో నాఁడే గాలిలోఁ గలిసియుండును. కాలువ యెవరిదో, ఎందుకో, ఎక్కడినుండి యెక్కడివఱకో ఆఱువందల యేండ్లకుఁ బైఁబడిన తరువాతఁ గూడఁ జెప్పఁగలుగుచున్నా మనఁగా, దాని నెఱుఁగనివారికొఱకుఁ దెలియఁజెప్పవలె నని యొకఁడు పూనుకొనుటచేతనే.